జోయా పెట్టె

లిఫ్ట్ ఒక్కసారి వెక్కిళ్ళు వచ్చినట్టు కుదిపి ఆగింది, దీపం పోయింది, ఆ వెనకే నది అవతల గట్టున ఎక్కడో బరువైన మోత, కడుపులో తగిలే మోత. చీకట్లో రెండు చేతుల్లో రెండు ఆరు లీటర్ల నీళ్ళ సీసాలతో నిలబడ్డ రాయీసాకి మొట్టమొదట కలిగింది భయం కాదు, సిగ్గు. కింద గుమ్మం దగ్గర గోడ మీద, ఎర్ర రంగుతో, అరచేతంత అక్షరాలతో ఆమె పెట్టించిన నోటీసు ఉంది: సైరన్ మోగితే లిఫ్ట్ ఎక్కకండి! చెప్పింది ఆమె, రాసింది ఆమె కొడుకు ఓస్తప్, కిందటి నెల యుద్ధం నుంచి సెలవు మీద వచ్చినప్పుడు. సైరన్ మోగుతూనే ఉంది. ఆమె ఎక్కింది. పద్నాలుగంతస్తుల ఈ కొంపలో ఆ నోటీసు చూసీ ఎక్కే గాడిద ఎవరని భవనం వాళ్ళ ఫోన్ గ్రూపులో ఎన్నిసార్లు తిట్టిందో. ఇప్పుడా గాడిద ఎనిమిదో అంతస్తుకీ తొమ్మిదో అంతస్తుకీ మధ్య వేలాడుతోంది, పన్నెండు లీటర్ల నీళ్ళతో.

ఎక్కింది జోయా వల్ల. అన్నీ జోయా వల్లే. పంపు దగ్గర క్యూలో మూడో అంతస్తు నేల్యా, ముక్కు ఎర్రగా చేసుకుని, చలికి కాళ్ళు మార్చి మార్చి నిలబడుతూ, ఏదో వాతావరణం అడిగినట్టు అడిగింది. "మీ ఓస్తప్ చెయ్యి ఎలా ఉంది అత్తా? జోయా మొన్న చర్చిలో వాడి పేరున కొవ్వొత్తి వెలిగిస్తుంటే చూశా. ఆపరేషన్ అంట కదా?" ఏ చెయ్యి? ఏం ఆపరేషన్? రాయీసా నోరు తెరిచి మూసింది. ముప్పయ్యేళ్ళు ట్రాలీబస్సు నడిపి, యూనియన్లో మేనేజర్ల ముఖం మీద మాట్లాడిన నోరు అది. "బానే ఉంది," అంది. తన కొడుకు సంగతి తనకి తెలియదని నేల్యా దగ్గర ఒప్పుకోవడం కంటే మంచులో గుడ్డలిప్పుకు నిలబడ్డం నయం. అప్పుడే సైరన్ మొదలైంది, క్యూ చెదిరింది, అందరూ తలదాచుకోడానికి మెట్రో స్టేషను వైపు పరిగెత్తారు, ఆమె మాత్రం ఇంటివైపు, సీసాలు మోకాళ్ళకి కొట్టుకుంటుంటే. పద్నాలుగో అంతస్తుకి, జోయా తలుపుకి. పద్నాలుగు అంతస్తుల మెట్లెక్కే ఓపిక కోపానికి లేకపోయింది.

చెయ్యి. కుడిదా, ఎడమదా? ఉందా, పోయిందా? ఈ ప్రశ్న అడిగి జవాబు తెలుసుకునే హక్కు ప్రపంచంలో ఒక్క మనిషికుంటే అది వాణ్ణి కన్న మనిషిది కాదా, మరి జూన్ నెలలో తూర్పున బాంబులు పడుతున్న బఖ్ముత్ నుంచి ఒక్క సంచీతో దిగిన ఆడదానికి ఆ జవాబు ముందు ఎలా చేరింది? సంచీ, పిల్లి, ఆ మెత్తటి గొంతు. రాయీసా ఆ గొంతుని వచ్చిన మొదటి రోజే గమనించింది, ఏదీ అడగని గొంతు. అడగని వాళ్ళకే అన్నీ దొరుకుతాయి ఈ లోకంలో! రాయీసా జీవితమంతా అడిగింది. పెరట్లో టవరు కట్టడానికి బిల్డరు కంచె వేస్తే, ఆ కంచె కింద పడుకుని అడిగింది. ఎనిమిదేళ్ళ కిందట చౌరస్తాలో, మంచులో, టైర్ల పొగలో మూడు నెలలు నిలబడి, పెద్ద గిన్నెల్లో టీ కాచి, ప్రభుత్వం దిగిపోవాలని అడిగింది. యుద్ధం మొదలైన మొదటి వారం, మన భవనం కింద షెల్టరుకి తాళం ఉందని తేలితే, ఆ తాళం వెనక జిల్లా కౌన్సిల్ సభ్యుడి బావమరిది వైన్ పెట్టెలు దాచుకున్నాడని తేలితే, గునపం పట్టుకుని తాళం బద్దలుకొట్టింది ఎవరు? ఆ రాత్రి అరవై మంది ఆ గోడల మధ్య బతికారు. ఎవరికైనా గుర్తుందా? వాళ్ళకి గుర్తున్నది ఒక్కటే. జోయా పెట్టె.

ఆ పెట్టె ఇప్పుడు కాలికి తగులుతోంది. మూలన ఉంటుందని తెలుసు. తెలుసు గానీ ఎప్పుడూ చూడలేదు, ఎందుకంటే అక్టోబరులో కరెంటు కోతలు మొదలయ్యాక, జోయా లిఫ్ట్‌లో ఇరుక్కునే వాళ్ళ కోసమని ఓ ప్లాస్టిక్ పెట్టెలో నీళ్ళూ బిస్కెట్లూ సర్ది పెట్టిన రోజు నుంచి, రాయీసా లిఫ్ట్ ఎక్కడం మానేసింది. పదకొండు అంతస్తులు, రోజుకి రెండుసార్లు, యాభై ఎనిమిదేళ్ళ మోకాళ్ళతో. గ్రూపులో ఆ పెట్టె ఫొటోకి ఎన్ని ఎర్ర గుండెలు! ఏడ్చే బొమ్మలు, దండం పెట్టే బొమ్మలు. అదే గ్రూపులో రాయీసా జనరేటర్ కోసం కౌన్సిల్‌కి రాసిన అర్జీ పెడితే నాలుగు బొటనవేళ్ళు, అందులో ఒకటి తనదే. పెట్టెలతో ప్రజల నోరు మూయించకండి, జనరేటర్ మన హక్కు, బిస్కెట్ మన హక్కు కాదు అని రాసింది. ఎవరూ జవాబివ్వలేదు. ఎనిమిదో అంతస్తు లెవ్కో తాత మాత్రం, "బిస్కెట్ కూడా హక్కేనమ్మా, నేను ఇరుక్కున్నప్పుడు రెండు తిన్నా," అని రాశాడు, దానికి మళ్ళీ ఇరవై గుండెలు. ఆదివారం భవనం కమిటీకి కొత్త పెద్దని ఎన్నుకోవాలి. పదహారేళ్ళుగా ఆ కుర్చీ రాయీసాది. ఇప్పుడు అందరి నోటా జోయా. ఆమెకిక్కడ సొంత ఫ్లాట్ లేదు, నిబంధన ప్రకారం అర్హత లేదు అని రాయీసా కాగితం అంటించింది. అంటించాక రెండు రోజులు ఎవరూ ఆమె కళ్ళలోకి చూడలేదు. ఇల్లు బాంబుల్లో పోయిన మనిషిని ఇల్లు లేదన్నదే అని గుసగుసలు. అన్నది, అవును, అన్నది! నిబంధన నిబంధనే. అయినా ఆ కాగితాన్ని ఎవరూ లేనప్పుడు చూసి ఎందుకు అంటించిందో రాయీసాకి తెలియదు, తెలుసుకోదలచుకోలేదు.

మళ్ళీ మోత, ఈసారి దగ్గర. లిఫ్ట్ గోడ సన్నగా మూలిగింది. చీకటి ఎంత చిక్కగా ఉందంటే కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. ఫోన్ ఇంట్లో ఉంది, నెట్‌వర్క్ లేదని మోసుకెళ్ళలేదు. "ఎవరైనా ఉన్నారా?" అని అరిచింది. ఒక నిమిషం, రెండు. తర్వాత కింద నుంచి చెప్పుల ఈడ్పు, దగ్గు.

"ఎవరది లోపల?"

"నేను, లెవ్కో తాతా. రాయీసాని."

అటు నుంచి దొంగ దగ్గు. ముసలాడు నవ్వు మింగుతున్నాడని ఆమెకి తెలిసిపోయింది.

"నువ్వా? నోటీసు చదవలేదా అమ్మా? ఎర్ర రంగుతో ఉంటుంది."

"వెక్కిరింపులు తర్వాత. తలుపు తియ్యి."

"తాళంచెవి జోయా దగ్గరుంది. పిలుస్తా. మూలన పెట్టె ఉంది, టార్చి వేసుకో. బిస్కెట్లు కూడా ఉన్నాయి, హక్కు కాకపోయినా."

జోయా దగ్గర. లిఫ్ట్ తాళంచెవి కూడా! పదహారేళ్ళు రాయీసా మెడలో గొలుసుకి వేలాడింది అది, మెట్లు తప్ప లిఫ్ట్ ముట్టనని శపథం చేసిన రోజున కోపంగా కమిటీ బల్ల మీద విసిరేసింది, జోయా ఏమీ అనకుండా తీసుకుంది. అదీ సంగతి. విసిరేసినవన్నీ ఏరుకుంటోంది. ఏరుకుని తుడిచి దాచుకుంటోంది. కుర్చీ, తాళంచెవి, ఇప్పుడు కొడుకు. మరి కొడుకుని నేనెప్పుడు విసిరేశాను? రాయీసా నీళ్ళ సీసా మీద కూలబడింది. చీకటి, చీకటి, చెయ్యి కుడిదా ఎడమదా. కాసేపు పంతంగా అలాగే కూర్చుంది. తర్వాత తడుముకుంటూ పెట్టె మూత తీసింది, ఏదో దొంగతనం చేస్తున్నట్టు.

టార్చి పైనే ఉంది, చెయ్యి పెట్టగానే తగిలేలా. వెలిగించింది. ఎంత ఒద్దికగా సర్దిందో, దిక్కుమాలింది. నీళ్ళు, బిస్కెట్లు, గాభరా తగ్గించే వలేరియన్ చుక్కల సీసా, తడి గుడ్డలు, పసివాళ్ళకి డైపరు రెండు, ముడిచిన ఉన్ని దుప్పటి, చాక్లెట్లు. పక్కన మూత ఉన్న బకెట్టు, అందులో జోయా తన పిల్లి దొడ్డికి వాడే మట్టి, ఎందుకో చెప్పక్కర్లేదు. దీన్నంతా తాను ఎందుకు ఆలోచించలేదు? ఆ ప్రశ్న ముల్లులా గుచ్చుకుంది, ఆమె దాన్ని పీకి పారేసింది. అడుగున దారంతో పెన్సిల్ కట్టిన నోటుబుక్కు. అట్ట మీద జోయా గుండ్రటి రాత: ఇరుక్కున్నవాళ్ళు విసుగెత్తితే రాయండి. విసుగెత్తిన వాళ్ళు రాశారు. ఐదో అంతస్తు పంతులమ్మ తన పిల్లల హాజరు పట్టీ రాసింది, ఎవరు ఏ దేశంలో ఉన్నారో. ఎవరో పిల్ల టాంకుని మింగుతున్న పిల్లిని గీసింది. లెవ్కో తాత: రెండు బిస్కెట్లు తిన్నాను, క్షమించాలి, మూడు. రాయీసా పేజీలు తిప్పింది. భవనం అంతా ఇక్కడుంది, ఈ వంద పేజీల్లో, ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ, తనని పిలవకుండా. కాదు, పిలవకుండా కాదు. ఎక్కి ఉంటే తానూ ఇందులో ఉండేది. రెండు నెలలుగా తాను మెట్లెక్కుతూ, రొప్పుతూ, ఈ పెట్టె పక్క నుంచే పైకీ కిందకీ పోయింది, గోడకి అవతల.

ఆ తర్వాతి పేజీ తిప్పగానే పోల్చుకుంది. చదవక ముందే. ఆ అక్షరాలు. తల కొంచెం పెద్దవి, తోకలు తిన్నగా కిందికి కోసినవి. పన్నెండేళ్ళ వయసు నుంచి ఆమె బానర్లన్నీ రాసిన అక్షరాలు. వంటింటి నేల మీద గుడ్డ పరిచి, నాలుక బయటపెట్టి, ఆమె చెబుతుంటే రాసేవాడు, కంచె పీకండి, జీతాలివ్వండి, తాళం తియ్యండి. ఆమె నినాదాలకి చెయ్యి వాడిదే. ఆ చేత్తో ఇక్కడ, జోయా పుస్తకంలో:

నవంబరు తొమ్మిది. నలభై నిమిషాలుగా ఇక్కడున్నాను. అమ్మ ఈ లిఫ్ట్ ఎక్కదు కాబట్టి రాస్తున్నాను. ఇక్కడ చీకటిగా ఉంది, హాయిగా ఉంది, ఎవరూ ఏమీ అడగరు. ఇంట్లో భయపడడానికి నాకు చోటు లేదు. అన్ని గదుల్లోనూ అమ్మ గొంతు ఉంటుంది. నాకు భయంగా ఉంది. కందకంలో కంటే ఇక్కడ ఎక్కువ. కింద గుమ్మంలో నా ఫొటో ఉంది, యూనిఫాంలో, దాని కింద జనరేటర్ మా హక్కు అని. వచ్చేపోయే వాళ్ళు నన్ను చూసి ఆ ఫొటోని చూస్తారు, ఫొటో బాగుందన్నట్టు. అమ్మని తప్పుపట్టను. అమ్మ చేతికి ఏది దొరికితే అది జెండా అవుతుంది. నేను కాగితాన్ని కానని ఎవరికి చెప్పాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను. చాక్లెట్ ఒకటి తీసుకున్నాను.

ఆ రోజు. ఆ రోజు వాడు ఆలస్యంగా వచ్చాడు, సిగరెట్టు కాల్చడానికి ఆగానన్నాడు, ఆమె సిగరెట్ల మీద పావుగంట ఉపన్యాసం ఇచ్చింది. వాడు వింటూ ఉన్నాడు, నోట్లో చాక్లెట్ ఉంది కాబోలు. వెనక పేజీలో జోయా గుండ్రటి రాత: నాకూ భయమే. నేలమాళిగలో ఎనభై రోజులున్నా, ఇంకా గిన్నె కింద పడితే బల్ల కిందకి దూరుతున్నా. చాక్లెట్లు మళ్ళీ పెట్టాను. దాని కింద మర్నాటి తేదీతో వాడిది, దాని కింద ఈమెది, వాడు వెళ్ళిపోయే రోజు వరకూ, ఐదు రోజులు, పనికిమాలిన కబుర్లు, పిల్లి తిండి, కందకంలో ఎలుకకి పెట్టిన పేరు, నవ్వులు! నవ్వాడు వాడు. ఇంట్లో ఏడు రోజుల్లో ఒక్కసారి నవ్వలేదు. రాయీసా పెదాలు కొరుక్కుంది. ఎంత నీచమైన మంటో ఇది, కొడుకు నవ్వాడని మండే మంట. ఏ పార్టీ పుస్తకంలోనూ దీని గురించి చదవలేదు. వర్గానికి పేరుంది, శత్రువుకి పేరుంది, దీనికి అసూయ అని ఒక్క చిన్న మాట, ఆడపిల్లల మాట, ఆమె ఎప్పుడూ తన గురించి వాడుకోని మాట. ప్రతి ఆదివారం వాడి నుంచి ఆమెకొచ్చేది బాగున్నాను, తిన్నాను. కిందటి ఆదివారం ఆ రెండు మాటల్లోనూ తప్పులే, అక్షరాలు ఎగిరిపోయి. అక్షరాలు చూసుకుని కొట్టు, నువ్వు సైనికుడివి అని ఆమె జవాబు పెట్టింది. అక్షరాలు చూసుకుని. భగవంతుడా. ఎడమ చేత్తో కొట్టాడు వాడు.

కుడి చెయ్యి. కుడి చెయ్యే. టార్చిని పేజీకి దగ్గరగా పెట్టింది. ఈ పేజీ నాది, అనుకుంది. ఈ చేతి రాత ఇంకెక్కడా రాదేమో, ఇది నాది, దానిది కాదు. అంచు పట్టుకుని మెల్లగా చింపడం మొదలుపెట్టింది.

పైన ఇనుము గీరుకుంది. తొమ్మిదో అంతస్తు తలుపు తెరుచుకుని, లిఫ్ట్ పైభాగంలో జానెడు వెలుతురు పడింది, అందులో రెండు పాదాలు, మగవాళ్ళ ఉన్ని మేజోళ్ళు, ఒక మేజోడుకి బొటనవేలి దగ్గర కుట్టు. జోయా నేల మీద బోర్లా పడుకుని జానెడు సందులోంచి తల పెట్టింది. జుట్టు చెదిరి ఉంది. పద్నాలుగో అంతస్తు నుంచి పరిగెత్తుకొచ్చినట్టు ఎగరొప్పుతోంది.

"దెబ్బేం తగల్లేదు కదా రాయీసా అక్కా?"

"ఏ చెయ్యి?" అంది రాయీసా.

జోయా కళ్ళు నోటుబుక్కు మీద పడ్డాయి, సగం చిరిగిన పేజీ మీద. ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడమే!

"కుడిది. మూడు వేళ్ళు పోయాయి. చెయ్యి ఉంది. మనిషి బాగున్నాడు, ద్నీప్రో నగరంలో ఆస్పత్రిలో. నిన్న రెండో ఆపరేషన్ అయింది. అది అయ్యేదాకా మీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. పొద్దున్నే మీ తలుపు కొట్టా, మీరు పంపు దగ్గరికి వెళ్ళారు."

"నీకు చెప్పాడు. నాకు చెప్పొద్దన్నాడు."

"అవును."

"ఎందుకు?"

"చదివారు కదా."

"నీ నోటితో చెప్పవే! ఎప్పుడూ అలా మెత్తగా ఊరుకుంటావేం? ఒక్కసారి తిట్టు నన్ను. ఇల్లు లేదని కాగితం అంటించా. తిట్టు!"

జోయా తల పక్కకి పెట్టి, నేలకి చెంప ఆనించి, ఆమెని చూసింది. అప్పుడు మొదటిసారి ఆ గొంతులో గరుకు వినబడింది.

"సరే, వినండి. ఆ ఫొటో మీదకి మళ్ళీ ఇంకో ఫొటో అంటిస్తారని వాడి భయం, కట్టుకట్టిన చేత్తో. తెగిన వేళ్ళు చూపించి జనరేటర్ అడుగుతారని. అడగరా? గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి. నాకు కొడుకుంటే, నేనైతే వాడి ఫొటో బయట గోడ మీద పెట్టను, లోపల, ఎవరికీ కనబడని చోట పెట్టుకుంటా. నాకు లేడు. మీకున్నాడు. చాలా, ఇంకా తిట్టాలా?"

రాయీసా నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకుంది. నిజం ఏమిటంటే, కుడి చెయ్యి అని తెలిసిన క్షణంలో, కళ్ళలో నీళ్ళు తిరగడానికి ముందే, కన్ను ఆర్పినంతలో ఒక మాట మెరిసింది ఆమె బుర్రలో, పెద్ద అక్షరాలతో, ఎర్ర రంగుతో, కౌన్సిల్ మెట్ల మీద ఎత్తిపట్టుకోవడానికి సరిపోయే మాట. అది మెరిసినట్టు జోయాకి తెలియదు. రాయీసాకి తెలుసు. తల్లికంటే ముందు లేచి నిలబడిన ఆ మాటని ఎవరి ముందైనా ఒప్పుకోవాలంటే ఈ చీకటి తప్ప వేరే చోటు లేదు, కొడుకు ఈ చీకట్లోకి ఎందుకొచ్చాడో అప్పుడు అర్థమైంది, అర్థమవడం వల్ల మంట తగ్గలేదు. ఈ ఆడది ఇంకా ఆమెకంటే ముందే ఉంది. ఎప్పటికీ ముందే ఉంటుంది, ఆ ఐదు రోజులు వెనక్కి రావు.

"వాడితో మాట్లాడాలి," అంది.

"నెట్‌వర్క్ లేదు. వచ్చాక నా ఫోన్‌లోంచి చేద్దాం. లేకపోతే అందులో రాయండి. ఫొటో తీసి పంపిస్తా, వాడికి ఆ పుస్తకమంటే ఇష్టం. ఆ పేజీ మాత్రం చింపకండి. కింద చోటు ఉంది."

నిజమే, వాడి రాత కింద మూడు వేళ్ళ చోటు ఖాళీగా ఉంది. జోయా వెనక పేజీలో రాసింది కానీ అక్కడ రాయలేదు. రాయీసా చిరిగిన అంచుని బొటనవేలితో అద్ది సరిచేసింది, పెన్సిల్ అందుకుంది. ఏం రాయాలి? జీవితంలో ఎప్పుడూ మాట వెతుక్కోలేదు. ధైర్యంగా ఉండు, కాదు, అది గోడ మీది మాట. గర్వపడుతున్నాను, కాదు, అదీ గోడ మీదిదే. క్షమించు అంటే వాడు ఓదార్చాల్సి వస్తుంది, ఇంకో పని వాడి నెత్తిన. ఒక్కొక్క మాటా లేచి నిలబడి నినాదం అయిపోతోంది, ఒక్కొక్కదాన్నీ కూర్చోబెట్టింది. ఎంతసేపు కూర్చోబెట్టిందో తెలియదు. మోతలు ఆగిపోయాయి.

"జోయా."

"ఆఁ."

"అటు తిరుగు. చదవకు."

"చదవను." జోయా లేచింది, మేజోళ్ళు అటు తిరిగాయి.

ఓస్తప్, నేను అమ్మని. లిఫ్ట్ ఎక్కాను. అంతే రాసింది. చిన్న అక్షరాలతో, చివర చుక్క పెట్టి.

నోటుబుక్కు సందులోంచి పైకి అందించింది. జోయా చదవకుండా, తల తిప్పుకునే ఫోన్‌తో ఫొటో తీయడానికి తంటాలు పడింది, రెండుసార్లు గోడ పడింది, మూడోసారి పేజీ పడింది. ఆ వంకర తల, ఆ మాట నిలబెట్టుకోవడం చూస్తుంటే రాయీసాకి మళ్ళీ మండింది, ఇంత మంచిదానివెందుకే నువ్వు అని. పుస్తకం వెనక్కి వచ్చింది. ఆమె దాన్ని అడుగున పెట్టి, టార్చి పైన, చెయ్యి పెట్టగానే తగిలేలా పెట్టింది. బిస్కెట్ల జోలికి మాత్రం పోలేదు.

దీపం వచ్చింది. ఒక్కసారిగా, కళ్ళు మూసుకుపోయేలా. ఎక్కడో వంద ఫ్రిజ్‌లు ఒకేసారి మూలిగాయి. లిఫ్ట్ అద్దంలో బుగ్గల మీద నీటి చారలున్న ఓ ముసలమ్మ కనబడింది, పోల్చుకోవడానికి క్షణం పట్టింది.

"పైకి రండి అక్కా, కరెంటు పోయేలోపు టీ పెడతా," అంది జోయా, లేచి నిలబడి మోకాళ్ళు దులుపుకుంటూ, తలుపు మూస్తూ.

రాయీసా చెయ్యి పద్నాలుగు మీదకి వెళ్ళలేదు. పదకొండు మీదకీ వెళ్ళలేదు. ఒకటి నొక్కింది. కింద గుమ్మంలో, నోటీసు పక్కన, నాలుగు మూలలా అంటించిన ఫొటో ఉంది. అంటించింది ఆమే. గోళ్ళతో పీకాలి, మెల్లగా, చిరగకుండా.

లిఫ్ట్ కదిలింది. ఎనిమిదో అంతస్తు దాటుతుంటే లెవ్కో తాత తలుపు మీద అరచేత్తో బాదాడు.

"పైకి కదా పోవాల్సింది! సైరన్ ఇంకా ఆగలేదే తల్లీ, మళ్ళీ ఇరుక్కుంటావ్!"

"ఇరుక్కుంటే ఏం," అని అరిచింది రాయీసా కిందికి దిగిపోతూ, "పెట్టె ఉందిగా."